చేపలకు పథ్యం పెట్టిన సేటు

వసంత ఇంట్లో ఆ ఏడాది ఉగాది శివరాత్రి దాటగానే వచ్చింది. మామిడికాయ రాలేదు, కొత్త బెల్లం రాలేదు, పంచాంగం చదివే అయ్యగారూ రాలేదు. చేదు ఒక్కటే ముందుగా వచ్చి కూర్చుంది. కొబ్బరి చట్నీలో చేదు, పల్లీల చట్నీలో చేదు, ఆఖరికి మజ్జిగలోకని కొట్టుకున్న జీలకర్ర పొడిలోనూ చేదే. మిక్సీ గిన్నెను చింతపండుతో తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది, ఎండలో బోర్లించింది. అయినా మూత తీస్తే చాలు, వేపాకు, ఎల్లిగడ్డ, నేలవేము మూడూ కలిసి ముక్కు మీద గుద్దినట్టు పలకరించేవి.

"ఏమండి, ఈ గిన్నె ఇగ నాది గాదు. మీ చేపలదే. వాటికే రాసియ్యండి" అంది వసంత, ఇడ్లీ పళ్లెం పక్కకు తోస్తూ.

"వేప ఒంటికి మంచిదే. తిను" అన్నాడు లక్ష్మీనర్సయ్య, తన పళ్లెం ఖాళీ చేసి, వేలితో చట్నీ తుడుచుకుని మరీ.

ఈ మనిషితో ఎట్లా బతకాలి అని వసంత అనుకోవడం అది మొదటిసారి కాదు. పెళ్లయిన కొత్తలో పూటకోసారి అనుకునేది. తర్వాత కొట్టు పని పెరిగి, అనుకోవడానికి తీరిక తగ్గింది.

లక్ష్మీనర్సయ్యది మొయినాబాద్ బస్టాండు ఎదుట కిరాణా కొట్టు. పేరుకు కిరాణా. నిజానికి దవాఖాన, బోర్డు ఒక్కటే తక్కువ. వెనక గోడ నిండా చెక్క సొరుగులు, వాటిలో కరక్కాయ, తానికాయ, పిప్పళ్లు, నేలవేము, అతిమధురం. ఉప్పు కోసం వచ్చినవాణ్ని ఉప్పుతో పోనిచ్చేవాడు కాదు. కింది రెప్ప లాగి చూసి, నాలుక చాపమని, "పైత్యం" అని తీర్పు చెప్పి, చిటికెడు పొడి పొట్లం కట్టేవాడు. అసలు పని అప్పుడే మొదలయ్యేది. "వంకాయ బంద్. గోంగూర బంద్. పులుపు ముట్టొద్దు. పల్లీల దిక్కు చూడనే చూడొద్దు." మందు చిటికెడు, పథ్యం బుట్టెడు. ఊళ్లో వాళ్లు ఆ మాట చాటుగా అనేవాళ్లు. లక్ష్మీనర్సయ్య దాన్ని పొగడ్త అనుకునేవాడు.

అది గచ్చిబౌలి దిక్కు అద్దాల మేడలు లేస్తున్న కాలం. కంప్యూటర్ పిల్లలు శనివారం రాగానే కార్లేసుకుని మొయినాబాద్ మీద పడేవాళ్లు. టమాట పండిన చోట ఫామ్‌హౌస్‌లు, జొన్న పండిన చోట కాంపౌండు గోడలు. ఇంత ధర ఎప్పుడూ చూడని రైతులు అమ్మేసి, ఎందుకమ్మామా అని ఒకపూట, ఇంకా ముందే అమ్మాల్సింది అని ఒకపూట అనుకుంటూ తిరుగుతున్నారు. లక్ష్మీనర్సయ్యకు, ఆయన తమ్ముడు పాండురంగానికి కలిపి సురంగల్‌లో తండ్రి వదిలిన చెలక ఒకటి ఉంది. దాంట్లో లక్ష్మీనర్సయ్య చేపల కుంట తవ్వించాడు.

చేప ఎట్లుంటదో నాలుకకు తెలియని కోమటింట్లో చేపల కుంట ఏమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. దానికీ ఆయన దగ్గర జవాబుంది. మిర్గం నాడు, అంటే ఎండలు దిగి మృగశిర కార్తె మొదలయ్యే రోజున, చేప తింటే వానాకాలం దగ్గు, దమ్ము దగ్గరికి రావని ఈ ప్రాంతంలో నమ్మకం. ఆ రోజు చేప దొరక్క జనం గొడవలు పడతారు.

"గదేం కూర గాదు, మందు" అన్నాడు లక్ష్మీనర్సయ్య చుట్టాలతో. "నేను మందే అమ్ముతున్న. పాపమెట్లయితది?"

అట్లా కుంట నిండింది. బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు వచ్చాయి. పక్క చెలకలో టమాట వేసే మాణిక్యం, నీళ్లు పెట్టడం, మేత వేయడం చూసుకుంటానన్నాడు. తవుడు, నూనె తీసిన పల్లిచెక్క కలిపి రోజూ విసిరేవాడు. చేపలు బాగానే పెరిగాయి. మాఘం చలిలో వాటికి రోగమొచ్చింది. పొలుసుల కింద ఎర్ర మచ్చలు లేచాయి, తోకల కొసలు కుళ్లాయి, కొన్ని వెల్లకిలా తేలాయి.

ఆ వార్త లక్ష్మీనర్సయ్య కంటే ముందు పాండురంగానికి చేరింది. ఆయన కిరాణా వదిలేసి ప్లాట్ల వ్యాపారంలోకి దిగినవాడు. చేవెళ్ల చౌరస్తాలో ఆఫీసు, జేబులో రెండు సెల్‌ఫోన్లు. ఒకదానితో మాట్లాడుతూ రెండోది చెవి దగ్గర సిద్ధంగా పెట్టుకునేవాడు. శివరాత్రి నాడు అన్న ఇంటికి వచ్చి, సాఫీగా మాట చెప్పాడు.

"అన్నా, చేపలు మనకు అచ్చిరావు. చెలక అమ్ముదాం. ఇద్దరం మియాపూర్ల ఫ్లాట్లు తీస్కుందాం. కొట్టు ఎన్ని దినాలు నడుపుతవ్? వదిన కూడా జర సుఖపడుతది."

"చేపలు బాగయితయి" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"సరే, మిర్గం దాకా చూద్దాం. చేపలు బతికి, జనం కొంటే చెలక ముట్టను. లేకపోతే నువ్వు సంతకం పెట్టాలె."

"వాసవమ్మ మీద ఒట్టు. పెడత."

వంటింటి గడప మీద నిలబడి ఇదంతా విన్న వసంతకు భయం పట్టుకుంది. చెలక మీద ప్రేమతో కాదు. చేపల మీద ప్రేమతో అసలే కాదు. ఆమెకు మియాపూర్ ఫ్లాటు కళ్ల ముందు కనబడింది. నాలుగో అంతస్తు. తలుపు మూసి ఉంటుంది. ఉప్పుకు వచ్చేవాళ్లుండరు, నాలుక చాపేవాళ్లుండరు. ఊరంతా పంచుకుంటున్న వైద్యం మొత్తం ఒక్క వసంత మీద పడుతుంది. పొద్దున లేవగానే రెప్ప లాగి చూస్తాడు. మధ్యాహ్నం వంకాయ బంద్, రాత్రి పప్పు బంద్. చచ్చేదాకా ఆయనకు మిగిలిన ఏకైక రోగి తానే.

ఆ రోజు నుంచి వసంత చేపలు బతకాలని దేవుడికి దండం పెట్టుకుంది. వాటి పేర్లు కూడా ఆమెకు సరిగ్గా తెలియవు.

లక్ష్మీనర్సయ్య చేవెళ్ల నుంచి చేపల డిపార్టుమెంటు ఆయన్ని పిలిపించాడు. ఆయన చేపను తిప్పి చూసి, రోగం ముదరలేదన్నాడు. మేతలో మందు గోళీలు కలిపి అలవాటు చేస్తే చేపకూ మంచిది కాదు, తినేవాళ్లకూ మంచిది కాదన్నాడు. "ఎల్లిగడ్డ, పసుపు, వేపాకు, నేలవేము రసం తీసి మేతల కలిపి పెట్టండి. రోగాన్ని తట్టుకునే తాకత్ వస్తది. గంజి పోసి కలిపితే మందు నీళ్లల్ల కొట్టుకపోదు" అని చెప్పాడు.

లక్ష్మీనర్సయ్య ఆయన్ని వాటేసుకోబోయి, చేప పట్టిన చేతులు చూసి ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా తాను చెప్తున్న మాటనే ఇప్పుడు సర్కారు చెప్తోంది. ఇంకేం కావాలి? మర్నాటి నుంచి వసంత మిక్సీ చేపల పాలైంది.

మందు పనిచేసింది. అది ఒప్పుకోవాల్సిందే. ఉగాదికల్లా ఎర్ర మచ్చలు మానాయి, తోకలు కుదురుకున్నాయి, తేలడం ఆగింది. లక్ష్మీనర్సయ్య కొట్టు ముందు కుర్చీ వేసుకుని బస్సు దిగినవాళ్లకల్లా చెప్పాడు. అయితే కుంట నుంచి వచ్చిన మాణిక్యం మొహంలో మాత్రం సంతోషం కనబడలేదు. అడిగితే, "రోగం పోయింది సేటు. చేప కూడా పోతున్నట్టున్నది" అని గొణిగాడు. లక్ష్మీనర్సయ్యకు రెండో ముక్క వినబడలేదు. అట్లాంటి ముక్కలు ఆయనకు ఎప్పుడూ వినబడవు.

ఒకరోజు ఆయన సరుకులకు బేగంబజార్ పోవాల్సి వచ్చింది. కషాయం క్యాను కుంటకు చేర్చే పని వసంత నెత్తిన పడింది. షేర్ ఆటోలో ఎక్కి, మోకాళ్ల మధ్య క్యాను పెట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా మూత సందులోంచి వాసన లేచేది. ఎదురుగా కూర్చున్న కూరగాయల శాంతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"శావుకారమ్మా, ఎవరికి బాగ లేదు?"

"చేపలకు."

శాంతమ్మ కొంగు దించింది. "మిర్గం నాడు మనకు చేప మందు. మీ ఇంట్ల చేపకే మందు. ఇగ ఆ చేప తింటే మనకు ఏం మిగులుతది?"

ఆటో అంతా నవ్వింది. వసంతకు నవ్వు రాలేదు. భర్త మీద లోకం నవ్వినప్పుడు తనకు కోపం రావాలో, తానూ కలవాలో ఆమెకు ఇన్నేళ్లయినా తేలలేదు.

కుంట గట్టు మీద మాణిక్యం మేత కలుపుతున్నాడు. తవుడు పోశాడు, కషాయం పోశాడు, చేయి పెట్టి కలిపాడు. అంతే.

"చెక్క ఏది?" అంది వసంత.

"సేటు వద్దన్నడమ్మా. పత్తెమట."

"ఎవరికి పత్తెం?"

"చేపలకు. పల్లిచెక్క వేడి చేస్తదట. మందు మొదలు పెట్టిన కాడికెళ్లి ఉత్త తవుడే. ఏకాదశొస్తే అది గూడ లేదు. ఉపాసం."

వసంత గట్టు మీదే కూలబడింది. నీటి మీద ఆమె నీడ పడిందో లేదో, చేపలన్నీ ఒడ్డుకు వచ్చి నోళ్లు తెరిచాయి. తలకాయలు పెద్దవిగా, ఒళ్లు చాకిరేవులో పిండిన గుడ్డలా సన్నగా. మచ్చ లేదు, గాయం లేదు. ఆకలి తప్ప ఇంకే రోగమూ లేదు.

ఆ చూపు వసంతకు తెలుసు. ఇప్పుడు పెళ్లయి వెళ్లిన బిడ్డ పుట్టినప్పుడు అద్దంలో చూసుకున్న చూపే అది. బాలింతకని పాత బియ్యం అన్నం, ఎల్లిగడ్డ కారం. పప్పు బంద్, పెరుగు బంద్, పల్లీలు అసలే బంద్. పక్కన పసిపిల్ల, కడుపులో మంట. అత్త నిద్రపోయాక మెల్లగా కొట్లోకి పోయి, సీసాలోంచి పల్లిపట్టీలు తీసి, చప్పుడు కాకుండా చీకటిలో చప్పరించేది. సీసా తగ్గుతుంటే లక్ష్మీనర్సయ్య ఎలుకలని తిట్టి, బోను కూడా తెచ్చాడు. ఆ బోనులో పల్లిపట్టీ ముక్కే పెట్టేవాడు. వసంత అదీ తినేసింది.

ఆ సాయంత్రం భర్త రాగానే, చెప్పులు విడవనివ్వకుండా అడిగింది.

"చేపలకు పత్తెం ఏందండి?"

"మందు తింటే పత్తెం ఉండొద్దా? లేకపోతే మందు పని జేస్తదా?"

"నీళ్లల్ల ఉండేటి వాటికి వేడేంది?"

"నువ్వు రోజు స్నానం చేస్తవు. నీకు జ్వరం రాదా?"

ఈ మనిషి వాదనకు తోక దొరకదు, మూతి దొరకదు. "బక్కగ అయితున్నయి. ఈగల లెక్కున్నయి" అంది.

"పత్తెంల బక్కగనే అయితరు. రోగం కరుగుతున్నదన్నట్టు. లంఖణం పరమౌషధం."

"మిర్గానికి ఈగలను ఎవడు కొంటడు? మీ తమ్ముడు సంతకానికి పెన్ను పట్టుకొని కూసున్నడు."

"జర ఓపిక పట్టు" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఓపిక. ఆ మాట విన్నప్పుడల్లా వసంతకు చేతిలో ఉన్నది నేలకేసి కొట్టాలనిపించేది. ఆ సాయంత్రం చేతిలో ఉన్నది మిక్సీ గిన్నె. కొట్టలేదు. పక్కన పెట్టి ఆలోచించింది. ఈయనకు చెప్పి ఒప్పించేలోపు మిర్గం కాదు, దీపావళి వస్తుంది. చెప్పకుండా చేయడమే మార్గం. బాలింతప్పుడు నేర్చిన విద్య ఎక్కడికీ పోలేదు.

"రేపటికెళ్లి కషాయం నేనే తీస్కపోత. మీరు కొట్టు చూడుండ్రి" అంది అన్నం పెడుతూ.

"సరే" అన్నాడు ఆయన.

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తీరిక లేక ఊరుకున్నాడేమో అనుకుంది.

పల్లిచెక్క బస్తాలు కొట్టు వెనక అర్రలో ఉన్నాయి. ఆ అర్రకు ఎప్పుడూ తాళం ఉండేది. మర్నాడు చూస్తే తాళం లేదు. ఈయనకు మతిమరుపు మొదలైందని తిట్టుకుంటూ, ఆయన పూజలో ఉండగా సంచి నిండా చెక్క ఎత్తింది. పైన వేపరెమ్మలు పరిచింది. క్యాను ఒక చేత, సంచి ఒక చేత. ఆటోలో మళ్లీ శాంతమ్మ.

"ఆ సంచిల ఏమున్నదమ్మా, అంత మోస్తున్నవ్?"

"మందే."

"మందు ఇంత బరువుంటదా?"

"మా ఆయన ఇచ్చే మందు బరువే ఉంటది" అంది వసంత. ఈసారి ఆటోతో పాటు తానూ నవ్వింది.

మాణిక్యం సంచి విప్పి చూశాడు. చెక్క నానబెట్టాడు, తవుడు కలిపాడు. వసంత ఇంటి నుంచి తెచ్చిన గంజి, కషాయం పోసి ముద్దలు చేసింది. మందు మానలేదు. మందు మీద ఆమెకు కోపం లేదు, పథ్యం మీదే. ఆ ముద్దలు నీళ్లలో పడగానే కుంట ఉడికినట్టయింది.

అట్లా ఎండాకాలమంతా నడిచింది. వసంత చేతులు కాయలు కాచాయి. భుజం పట్టేసింది. "భుజం ఎందుకు నొస్తున్నది? వాతమా?" అని లక్ష్మీనర్సయ్య రెప్ప లాగి చూసి, బంగాళాదుంప బంద్ చేశాడు. నీ మూలంగానే నొస్తోందని అరవబోయి, నాలుక కొరుక్కుంది. ఏకాదశి నాడు మాత్రం రెండు సంచులు మోసేది, కసి కొద్దీ.

మిర్గం వచ్చింది. మబ్బు పట్టి, గాలి చల్లబడింది. తెల్లవారేసరికి గట్టు మీద జనం. సురంగల్ వాళ్లు, పక్కూరు హిమాయత్‌నగర్ వాళ్లు, పక్క ఫామ్‌హౌస్‌ నుంచి లాగులేసుకున్న కంప్యూటర్ పిల్లలు. పాండురంగం తెల్ల చొక్కాలో, చంకలో తోలు సంచితో వచ్చి వసంత పక్కన నిలబడ్డాడు.

"వదినా, ఫికర్ చెయ్యకు. ఫ్లాటుల లిఫ్టు ఉన్నది."

మాణిక్యం, ఇంకో ఇద్దరు వల లాగుతున్నారు. వసంత చూపు ఆ వల మీదే ఉంది. వల ఒడ్డుకొచ్చేకొద్దీ బరువుకు వాళ్ల కాళ్లు బురదలో దిగబడ్డాయి. ఒక బొచ్చె ఎగిరి గట్టు మీద పాండురంగం చెప్పుల దగ్గర పడింది. తళతళలాడే పొలుసు, మచ్చ లేని ఒళ్లు, పిడికిట పట్టనంత నడుము. పాండురంగం వెనక్కి గెంతి, కాసేపు దాన్ని చూసి, పక్కకు పోయి ఫోను తీశాడు. "సార్, ఆ సురంగల్ ల్యాండు... జర కష్టమున్నది సార్. వేరేది చూపిస్త."

జనం తోసుకున్నారు. కంప్యూటర్ పిల్లల్లో రిత్విక్ అనే అబ్బాయి అడిగాడు. "అంకుల్, కెమికల్స్ ఏం వాడలే కదా?"

"వేప, పసుపు, ఎల్లిగడ్డ, నేలవేము" అన్నాడు లక్ష్మీనర్సయ్య, ఛాతీ విరిచి. "అన్నిటికన్నా ముఖ్యం పత్తెం. కడుపు మాడ్చి పెంచిన. అందుకే ఇట్లున్నయి. ఇది తిన్నంక నువ్వు గూడ పెరుగు ముట్టొద్దు. వంకాయ బంద్. ఏదీ, నాలుక చాపు."

రిత్విక్ నాలుక చాపాడు. వెనక వరుస ఆగిపోయింది.

"సేటు, ముందుగాల వాళ్లను చేప కొననీయి. దవాఖాన తర్వాత పెట్టు" అన్నాడు మాణిక్యం తక్కెడ పట్టుకుని.

మధ్యాహ్నానికి చేపలు అయిపోయాయి, జనం పోయారు, పాండురంగం చెప్పకుండానే పోయాడు. చెలక మిగిలింది, కొట్టు మిగిలింది. వసంతకు సంతోషం రావాలి. కానీ 'కడుపు మాడ్చి పెంచిన' అన్న మాట ఆమె చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఈయన ఇదే నమ్మితే వచ్చే చేపపిల్లలకూ ఇదే పథ్యం. మళ్లీ సంచులు, మళ్లీ ఆటో, మళ్లీ బంగాళాదుంప బంద్. ఇట్లా ఎన్నేళ్లు మోయాలి?

"ఏమండి, మీ చేపలు పత్తెంతోని బలిసినయనుకుంటున్నరా?" అంది.

"కాదు" అన్నాడు ఆయన, కాళ్లకంటిన బురద కడుక్కుంటూ. "నువ్వు మోసిన చెక్కతోని."

వసంత గిరుక్కున ఆయన వైపు తిరిగింది.

"నా కొట్ల ఆవగింజ తగ్గినా నాకు తెలుస్తది. బస్తాలకు బస్తాలు కరుగుతుంటే తెల్వదా? తాళం ఎవరు తీసి పెట్టిండ్రనుకున్నవ్?"

"తెలిసి ఊకున్నరా? నేను దొంగ లెక్క వేపరెమ్మలు కప్పుకొని, భుజం ఇరగ మోసుకుంటూ..." ఆమె పట్టేసిన భుజం చూపించింది. "ఒక్క మాట చెప్పొచ్చు గదా. ఒక ఆటో మాట్లాడొచ్చు గదా."

"చెప్తే ఇగ పత్తెమెట్లయితది?" అన్నాడు ఆయన, అంత తేలిక విషయం ఎందుకు అర్థం కాలేదన్నట్టు. "పత్తెం ఎవడైనా నిలబెడుతడా? సగం తప్పుతరు. అందుకే నేను రెండింతలు చెప్త. సరిగ్గ సరిపోతది. నీ బాలింతప్పుడు సీసాల పల్లిపట్టీలు ఎలుకలు తిన్నయా? రోజు సీసా నింపిందెవరు?"

నవ్వాలో, ఆయన్ని కుంటలోకి తోయాలో వసంతకు తేలలేదు. ఇన్నేళ్ల కాపురంలో అది ఎప్పుడూ ఉండే సందేహమే.

"నేను కొట్లకు పోయి దొంగతనం చేసిన. సరే. చేపలు ఏ కొట్లకు పోతయి?" అంది నెమ్మదిగా. "నేను ఆ దినం కషాయం తేకపోతే, వాటి తరఫున పత్తెం తప్పేటోడెవడు?"

లక్ష్మీనర్సయ్య చేతిలోని చెంబు ఆగింది. ఆయన కుంట వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, మాణిక్యం వైపు చూశాడు. మాణిక్యం తక్కెడ తుడుస్తూ అటు తిరిగాడు. లక్ష్మీనర్సయ్య దగ్గర జవాబు లేకపోవడం వసంత పెళ్లయ్యాక చూడటం అదే మొదలు. ఆమె దాన్ని తొందరపడి చెడగొట్టలేదు.

"గది నేను ఆలోచించలే" అన్నాడు చివరికి.

"మేత ఇగ నేను చూస్త. మీరు కషాయం చూడుండ్రి. ముందుగాల చేపలకు వేరే మిక్సీ తెండి."

"మరి ఏకాదశికి..."

"ఏకాదశి మీకు. వాటికి గాదు."

ఆయన తల ఊపాడు. వసంత గట్టు మీద చెప్పులు విడిచి కూర్చుని, సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. పొద్దున కొట్లోంచి, ఎవరూ చూడకుండా తెచ్చుకున్న పల్లిపట్టీ. ఇప్పుడు ఎండలో, అందరి ముందు కొరికింది. చప్పుడు బాగా వచ్చేట్టు నమిలింది.

లక్ష్మీనర్సయ్య నోరు తెరిచాడు. ఏదో బంద్ చేయబోతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. ఆయన నోరు మూసి, చేయి చాపాడు.

"ఒక ముక్క ఇటియ్యి."

"వేడి చేస్తది" అంది వసంత, మిగిలింది కూడా నోట్లో వేసుకుంటూ.